టీవీలో చక్రం తిరుగుతున్నప్పుడు

(నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు పోయిన వారం నాకు ఫోను చేసి, "డి.ఆర్. బకాయిల మీద మాట్లాడేవాళ్ళు ఇప్పటికే నలుగురున్నారు, మీరు ఇంకేదైనా పనికొచ్చే విషయం చెప్పండి" అన్నారు. బకాయిల మీద మాట్లాడితే బకాయిలు రావు గానీ, టీవీ మీద మాట్లాడితే కనీసం కొందరి టీవీలయినా బాగవుతాయని ఈ విషయం ఎంచుకున్నాను. మనలో చాలామంది ఇళ్ళల్లో పిల్లలు వచ్చినప్పుడు పాత కేబులు తీయించేసి, ఇంటర్నెట్ మీద నడిచే పెద్ద టీవీ గోడకు బిగించి, రెండు రోజులు చూపించి, మూడో రోజు బెంగుళూరో అమెరికానో వెళ్ళిపోయారు. నాలుగో రోజున తెర మధ్య గుండ్రంగా ఒక చక్రం తిరగడం మొదలవుతుంది. అది ఎంతకీ ఆగదు. ఎవరినడగాలో తెలియదు. నా పరిస్థితీ అదే.

నేను సాంకేతిక నిపుణుణ్ణి కానని ముందుగానే మనవి చేసుకుంటున్నాను. 1972లో ఎల్.డి.సి.గా చేరి, 2008లో సబ్ ట్రెజరీలో సీనియర్ అసిస్టెంటుగా రిటైరైన గుమాస్తాను. ముప్పై ఆరేళ్ళ సర్వీసులో నాకు బాగా వచ్చిన విద్య ఒక్కటే: కాగితం ఏ బల్ల మీద ఆగిందో పట్టుకోవడం. ట్రెజరీ వైపు మొహం చూడనివారు మనలో లేరు కాబట్టి మీకు తెలిసిందే. ఒక మాస్టారు వచ్చి "నా బిల్లు పాసు కాలేదండీ" అంటే, ఆయన్ని మళ్ళీ కొత్త బిల్లు రాసుకు రమ్మనం. టోకెను నంబరు అడుగుతాం. కౌంటరు దాటిందా, ఆడిటర్ చూశాడా, ఎస్.టి.ఓ. గారి సంతకం అయిందా, బ్యాంకుకు వెళ్ళిందా అని బల్ల తర్వాత బల్ల చూసుకుంటూ వెళతాం. ఎక్కడో ఒకచోట దొరుకుతుంది.

ఇంటర్నెట్ టీవీకి కూడా సరిగ్గా అయిదు బల్లలున్నాయి. మొదటిది, కార్యక్రమం పంపే కంపెనీ వారి యంత్రాలు. రెండోది, అక్కడి నుంచి మన ఊరిదాకా, ఊళ్ళో కరెంటు స్తంభాల మీదుగా మన ఇంటిదాకా వచ్చే లైను. మూడోది, మన గోడకున్న చిన్న దీపాల డబ్బా. నాలుగోది, ఆ డబ్బా నుంచి టీవీదాకా గాలిలో వెళ్ళే వైఫై. అయిదోది టీవీయే, అందులోని యాప్‌తో సహా. చక్రం తిరుగుతోందంటే ఈ అయిదింట్లో ఏదో ఒక బల్ల మీద కాగితం ఆగిందని అర్థం. మనం చేసే తప్పేమిటంటే, ఏ బల్లో చూడకుండా అన్నీ ఒకేసారి కెలికేస్తాం. రిమోటులో ఉన్న మీటలన్నీ నొక్కి, డబ్బా వెనక తీగలన్నీ పీకి, తిరిగి ఏది ఎక్కడ పెట్టాలో మరిచిపోయి, ఉన్న ఒక్క జబ్బుకు మరో రెండు తెచ్చిపెడతాం.

ఒకప్పుడు మనకు ఈ విద్య బాగానే వచ్చు. 1988లో మహాభారతం మొదలైనప్పుడు మా ఇంట్లో బ్లాక్ అండ్ వైట్ టీవీ ఉండేది. బొమ్మ చెదిరితే నేను డాబా మీద యాంటెన్నా పట్టుకునేవాణ్ణి, మా పెద్దవాడు మెట్ల మీద నిలబడేవాడు, ఇంటావిడ టీవీ ముందు. "వచ్చిందా?" అంటే "ఊహూఁ". కొద్దిగా తిప్పి "ఇప్పుడో?" అంటే "వచ్చి పోయింది". ఒకసారికి ఒక్కటే కదిపేవాళ్ళం. కదిపి, చూసి, మళ్ళీ కదిపేవాళ్ళం. ఇప్పుడు చెప్పబోయేది కూడా అంతకన్నా ఏమీ లేదు. డాబా ఎక్కే బాధ తప్పింది, అంతే.

ముందుగా, టీవీలో ఒక్క యాప్ ఆగిందా, అన్నీ ఆగాయా చూడండి. యూట్యూబ్ బాగా వస్తూ సినిమాల యాప్ ఒక్కటే రాకపోతే లైనుకు, డబ్బాకు దోషం లేదు. ఆ యాప్‌దో, దాన్ని పంపే కంపెనీదో జబ్బు. అప్పుడు డబ్బా జోలికి పోవద్దు. అన్నీ ఆగితే చేతిలోని ఫోను తీయండి. ఇక్కడొక మోసం ఉంది, జాగ్రత్త. ఫోనులో సిమ్ కార్డు ఇంటర్నెట్ కూడా ఉంటుంది. వైఫై చచ్చిపోయినా ఫోను తన సొంత డేటాతో పని చేస్తూ "అంతా బాగానే ఉంది" అని మనల్ని నమ్మిస్తుంది. కాబట్టి మొబైల్ డేటా ఆపేసి, వైఫై మీద మాత్రమే ఉంచి చూడండి. ఫోనులో వస్తూ టీవీలో రాకపోతే దోషం టీవీలోనో, టీవీదాకా వెళ్ళే దారిలోనో ఉంది. ఫోనులోనూ రాకపోతే డబ్బా దగ్గరికి వెళ్ళాలి.

డబ్బా మీద దీపాలు చదవడం నేర్చుకోవాలి. అవి ఆఫీసు నోటీసు బోర్డు లాంటివి, అందరూ వాటి పక్కనుంచే వెళతారు, ఎవరూ చదవరు. ఫైబరు కనెక్షనున్న వారికి రెండు దీపాలు ముఖ్యం. ఒకదాని కింద పి.ఓ.ఎన్. అని ఉంటుంది, అది నిలకడగా పచ్చగా వెలగాలి. ఇంకొకదాని కింద ఎల్.ఓ.ఎస్. అని ఉంటుంది, అది మామూలుగా వెలగనే కూడదు. అది ఎర్రగా కొట్టుకుంటూ ఉంటే బయటి నుంచి రావలసిన వెలుగు డబ్బాకు చేరడం లేదని అర్థం. ఎక్కడో తీగ తెగింది, లేదా వంగింది, లేదా పిన్ను వదులైంది. ఆ ఎర్రదీపం ఉన్నంతసేపు మీరు టీవీని ఎన్నిసార్లు కట్టినా, విప్పినా లాభం లేదు.

ఈ ఎర్రదీపం అర్థం తెలియక నేను 46,000 రూపాయలు పోగొట్టుకున్నాను. ఈ సంగతి ఇంతవరకు మా ఇంట్లోవారికి, బ్యాంకువారికి తప్ప చెప్పలేదు. చెప్పాలా వద్దా అని రాత్రంతా ఆలోచించి వచ్చాను.

2023లో మా ఇంటావిడ బాత్‌రూములో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక మూడు నెలలు మంచం దిగకూడదన్నారు. హాలులో గాలి వస్తుందని మంచం అక్కడికి మార్చాం, టీవీ ఎదురుగా. సెప్టెంబరులో తిరుమల బ్రహ్మోత్సవాలు వచ్చాయి. ఏటా ఎస్.వి.బి.సి.లో గరుడ సేవ చూడటం ఆవిడకు నియమం. ఆ సాయంకాలం సరిగ్గా ఆరున్నరకు టీవీ ఆగిపోయింది. కేబులు తీయించేసి అప్పటికి ఏడాది దాటింది కాబట్టి వేరే దారి లేదు. ఆవిడేమో "ఏమయిందండీ, ఏమయిందండీ" అంటోంది. లేచి కూర్చోలేని మనిషి. నాకు కంగారు పుట్టింది.

ఇంటర్నెట్ ఇచ్చిన వాళ్ళ కస్టమర్ కేర్ నంబరు బిల్లు మీద ఉంటుంది. బిల్లు ఎక్కడుందో చూసుకోలేదు. ఫోనులో సిమ్ డేటా మీద వెతికితే పైనే ఒక నంబరు కనబడింది, చేశాను. చక్కటి తెలుగు. "సార్, మీ ఖాతా ఆగిపోయింది, పది రూపాయలు కడితే తిరిగి మొదలవుతుంది, నేను దగ్గరుండి చేయిస్తాను" అన్నాడు. నా ఫోనులో ఒక యాప్ వేయించాడు. ఆ తర్వాత పది రూపాయలకు ఒక పేజీ పంపి కార్డు నంబరు వేయమన్నాడు. వేశాను. ఓటీపీ నేను నోటితో చెప్పలేదు. చెప్పకూడదని నాకు తెలుసు, మన సంఘంలోనే ఎన్నోసార్లు విన్నాను. కానీ నా ఫోను తెర మొత్తం వాడికి కనబడుతోందని నాకు తెలియదు. వాడు వేయించిన యాప్ పని అదే. నేను చూసిన ప్రతి అంకె వాడూ చూశాడు. అయిదు నిమిషాల్లో రెండు విడతలుగా 46,000 పోయాయి. సందేశాలు వచ్చాయి, చదివాను, చదివినా కొంతసేపు అర్థం కాలేదు. ముప్పై ఆరేళ్ళు ఇతరుల బిల్లుల్లో ఒక్క రూపాయి తేడా వస్తే ఎర్ర సిరాతో అభ్యంతరం రాసినవాణ్ణి నేను.

టీవీ అలాగే ఉంది. చక్రం తిరుగుతూనే ఉంది. ఆవిడ అది చూస్తూ చూస్తూ నిద్రపోయింది.

ఆవిడకు నాలుగు రోజులు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. సిగ్గు. డబ్బు పోయినదానికన్నా ఈ నాలుగు రోజులే నన్ను ఎక్కువ నష్టపరిచాయని తర్వాత తెలిసింది. ఇలాంటిది జరిగిన వెంటనే 1930 అనే నంబరుకు ఫోను చేస్తే, డబ్బు ఇంకా దొంగ ఖాతాలోనే ఉంటే ఆపించే ఏర్పాటు ఉంది. ఎంత త్వరగా చేస్తే అంత ఆశ. నాలుగు రోజుల తర్వాత నేను చేసేటప్పటికి ఆ డబ్బు ఎన్ని చేతులు మారిందో. బ్యాంకుకు వెళితే అక్కడి అధికారి మర్యాదగానే చెప్పారు. అప్పుడు అమలులో ఉన్న 2017 జూలై 6 నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులర్ ప్రకారం, మన ప్రమేయం లేకుండా మూడో మనిషి వల్ల పోయి, మూడు పనిదినాల్లోగా చెబితే మన మీద బాధ్యత ఉండదు. మన నిర్లక్ష్యం వల్ల పోతే మాత్రం, మనం బ్యాంకుకు తెలియజేసేదాకా పోయినదంతా మనదే. తెలియజేసిన తర్వాత పోయేది బ్యాంకుది. సర్క్యులర్ నేను రెండుసార్లు చదివాను. భాషలో లోపం లేదు. నా కేసు రెండో కోవలోకి వస్తుంది.

ఇంటావిడకు చెప్పినప్పుడు ఆవిడ డబ్బు గురించి ఒక్క మాట అనలేదు. "నాలుగు రోజుల నుంచి అన్నం సరిగ్గా తినకపోతే షుగరు పెరిగిందేమో అనుకుని దేవుడికి మొక్కుకున్నాను, ఇదా సంగతి" అంది. చెప్పనందుకు మాత్రం చాలా రోజులు కోపంగా ఉంది. ఆ కోపం న్యాయమైనదే.

ఇక టీవీ సంగతి. మర్నాడు పొద్దున్న లైన్‌మన్ కుర్రాడు వచ్చాడు. డబ్బా చూడగానే "ఆయ్, ఎర్రదీపం కొట్టుకుంటోంది కదండీ, ఇది ఖాతా గొడవ కాదండీ బాబాయ్ గారూ" అన్నాడు. మంచం జరిపినప్పుడు దాని కోడు గోడవారగా ఉన్న సన్నటి పసుపుపచ్చ తీగను నొక్కేసింది. ఫైబరు తీగలో రాగి ఉండదు, జుట్టంత సన్నటి గాజుపోగు ఉంటుంది, అందులో వెలుగు వెళుతుంది. మలుపు ఎక్కువైతే వెలుగు బయటికి జారిపోతుంది, ఇంకా వంచితే విరుగుతుంది. ఆ కుర్రాడు కొత్త ముక్క వేసి, పిన్ను తుడిచి, పది నిమిషాల్లో వెళ్ళిపోయాడు. డబ్బులిస్తే తీసుకోలేదు, కాఫీ మాత్రం తాగాడు. వెళుతూ వెళుతూ ఒక జాగ్రత్త చెప్పాడు. ఆ తీగ ఊడదీసి కొసలోకి కన్నుపెట్టి చూడకూడదట. అందులో వచ్చే వెలుగు కంటికి కనబడదు గానీ కంటికి మంచిది కాదు.

అందుకని నా మనవి ఏమిటంటే, మీ ఇంటి డబ్బా మీద ఈ రోజే ఒక చీటీ అంటించండి. దాని మీద కంపెనీ అసలు ఫోను నంబరు, అంటే బిల్లు మీదున్నది, మీ కస్టమర్ నంబరు, లైన్‌మన్ నంబరు రాయండి. కంగారులో వెతుక్కునే అవసరం రాకూడదు. టీవీ బాగుచేయడానికి ఫోనులో యాప్ వేయమన్నవాడు ఎంత తియ్యగా మాట్లాడినా ఫోను పెట్టేయండి.

సరే, దీపాలన్నీ పచ్చగానే ఉన్నాయి, అయినా చక్రం తిరుగుతోంది. అప్పుడు స్విచ్చి ఆపి వేయడం మొదటి వైద్యం. దీనికీ ఒక వరుస ఉంది. ముందు డబ్బాను గోడ స్విచ్చి దగ్గర ఆపి, ఒక నిమిషం ఆగి వేయండి. దీపాలన్నీ కుదురుకోవడానికి మూడు నాలుగు నిమిషాలు పడుతుంది, అంతవరకు ముట్టుకోవద్దు. ఆ తర్వాత టీవీని కూడా గోడ స్విచ్చి దగ్గరే ఆపి వేయండి. రిమోటుతో ఆపితే టీవీ నిద్రపోతుందే తప్ప పూర్తిగా ఆగదు. లోపల ఇరుక్కున్న యాప్ అలాగే ఇరుక్కుని ఉంటుంది.

తర్వాత వైఫై. నేను చూసినంతలో మనబోటి ఇళ్ళల్లో సగం బాధలు ఈ నాలుగో బల్ల దగ్గరే. మన ఇళ్ళు పాతవి, తొమ్మిదంగుళాల ఇటుక గోడలు. డబ్బా వీధి గదిలో కిటికీ పక్కన, టీవీ వెనక గదిలో. మధ్యలో ఇనప బీరువా. వైఫై అనేది రేడియో తరంగం, ఇనుము దాన్ని వెనక్కి కొట్టేస్తుంది, నీళ్ళు పీల్చేసుకుంటాయి, గోడలు బలహీనపరుస్తాయి. మా వీధిలో ఒక రిటైర్డు హెడ్‌మాస్టారు చూడటానికి బాగుండదని డబ్బాను బీరువా వెనక దాచి, మీద ఒక అల్లిక గుడ్డ కూడా కప్పారు. "మాస్టారూ, గుడ్డ సంగతి అటుంచండి, బీరువా మీద అయినా పెట్టండి" అన్నాను. పెట్టాక ఆయన టీవీ మళ్ళీ ఆగలేదు. డబ్బా ఎత్తులో, నలుగురికీ కనబడేలా, గాలి తగిలేలా ఉండాలి. వేడెక్కినా మొరాయిస్తుంది.

చాలా డబ్బాలు రెండు పేర్లతో వైఫై ఇస్తాయి. ఒకటి మామూలు పేరు, రెండోదాని చివర 5జి అని ఉంటుంది. ఇది ఫోనుల్లో వచ్చే 5జి కాదు, ఆ కంగారు పడవద్దు. మొదటిది 2.4 గిగాహెర్ట్జ్, రెండోది 5 గిగాహెర్ట్జ్. మొదటిది గోడలు దాటి దూరం వెళుతుంది గానీ వేగం తక్కువ, పైగా ఇరుగుపొరుగు వైఫైలన్నీ అందులోనే తోసుకుంటాయి. వంటింట్లో మైక్రోవేవ్ పొయ్యి వేసినా తడబడుతుంది. రెండోది వేగంగా వెళుతుంది గానీ గోడలంటే దానికి భయం. టీవీ, డబ్బా ఒకే గదిలో ఉంటే రెండోది, మధ్యలో రెండు గోడలుంటే మొదటిది. ఈ గొడవంతా లేకుండా డబ్బా నుంచి టీవీకి నేరుగా ఒక లాన్ తీగ లాగించుకుంటే అన్నిటికన్నా ఉత్తమం. తీగ గోడ మీద కనబడుతుందని కోడళ్ళు ఒప్పుకోకపోవచ్చు, అది మీ ఇంటి సంగతి.

వేగం గురించి కంపెనీల వాళ్ళు చెప్పే అంకెలకు మోసపోవద్దు. అక్కడ చెప్పేది మెగాబిట్లు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. 40 మెగాబిట్ల కనెక్షనంటే క్షణానికి 5 మెగాబైట్లే. అయితే అదీ ధారాళంగా సరిపోతుంది. మామూలు హెచ్.డి. బొమ్మకు 3 మెగాబిట్లు, పూర్తి హెచ్.డి.కి 5, ఆ 4కే అనే దానికి 15 చాలునని నెట్‌ఫ్లిక్స్ వారే చెబుతారు. కాబట్టి "స్పీడు పెంచుకోండి సార్, ప్లాను మార్చండి" అంటే వెంటనే ఒప్పుకోకుండా ముందు కొలవండి. ఫోనులో ఫాస్ట్ డాట్ కామ్ అని కొడితే వేగం చూపిస్తుంది. ఒకసారి డబ్బా పక్కన నిలబడి, ఒకసారి టీవీ పక్కన నిలబడి కొలిచి కాగితం మీద రాసుకోండి. డబ్బా దగ్గర 38, టీవీ దగ్గర 2 వస్తే లైనువాణ్ణి తిట్టి లాభం లేదు, మిగిలిన 36 మన బీరువా మింగింది. డబ్బా దగ్గరే 2 వస్తే నిస్సంకోచంగా ఫిర్యాదు చేయండి. అయితే అంతకుముందు నెలవారీ డేటా పరిమితి అయిపోయిందేమో చూసుకోండి. పరిమితి దాటాక వేగం తగ్గించే ప్లానులుంటాయి. మనవలు వచ్చి నెలాఖరున పది రోజులుంటే పరిమితి దాటడం వింత కాదు. హెచ్.డి.లో గంటసేపు చూస్తే 3 జీబీ దాకా, 4కేలో 7 జీబీ దాకా ఖర్చవుతుంది.

ఇక్కడ ఒక చిన్న విషయం. చాలామంది "మా టీవీ వెనకబడి వస్తోంది, పాడైందేమో" అంటారు. 2024 జూన్ 29 రాత్రి ప్రపంచ కప్పు ఫైనలు చూస్తున్నాను. దక్షిణాఫ్రికాకు ఆఖరి ఓవరులో 16 పరుగులు కావాలి. పాండ్యా ఇంకా పరుగెత్తుకొస్తూనే ఉన్నాడు, పక్కింట్లో ఒక్కసారిగా కేకలు! వాళ్ళది డిష్. అర నిమిషం తర్వాత మా టీవీలో మిల్లర్ కొట్టాడు, సూర్యకుమార్ బౌండరీ దగ్గర పట్టాడు. ఆనందమంతా పాతబడిపోయింది. తర్వాత మావాడు చెప్పాడు. ఇంటర్నెట్‌లో బొమ్మ నీళ్ళలా ధారగా రాదు, కొన్ని సెకన్లకో ముక్కగా కట్టలు కట్టి వస్తుంది. టీవీ కొన్ని కట్టలు ముందే తెచ్చుకుని పెట్టుకుని, ఒక్కొక్కటే విప్పి చూపిస్తుంది. అందుకే ఆలస్యం. అది జబ్బు కాదు, ముందుజాగ్రత్త. నిలవ అయిపోయి కొత్త కట్ట రాకపోతేనే చక్రం. మధ్యలో బొమ్మ మసకబారుతోందంటే దారి ఇరుకైందని గ్రహించి యాప్ చిన్న కట్టలు తెప్పిస్తోందన్నమాట. పూర్తిగా ఆగిపోయే ముందు వచ్చే హెచ్చరిక అదే.

టీవీలోని జబ్బుల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది తేదీ జబ్బు. మా వియ్యంకుడి గారి టీవీలో ఏ యాప్ తెరిచినా "కనెక్షను సురక్షితం కాదు" అని వచ్చేది. డబ్బా బాగుంది, వేగం బాగుంది. చివరికి చూస్తే టీవీలో తేదీ 2015 అని ఉంది. ఇదేం లంకె అంటారా? టీవీ ఏ కంపెనీ యంత్రంతో మాట్లాడినా, "నీవు ఆ కంపెనీవేనని ఏమిటి రుజువు" అని ఒక సర్టిఫికెట్ అడుగుతుంది. దాని మీద ఎప్పటి నుంచి ఎప్పటిదాకా చెల్లుతుందో ఉంటుంది. టీవీ తన గడియారం చూసుకుని "ఇది ఇంకా పదేళ్ళ తర్వాతి సర్టిఫికెట్టే, చెల్లదు" అని తిప్పి పంపేసింది. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చుకునే మనకు ఇది ఒకరు చెప్పాలా? మనిషి ఎదురుగా కూర్చుని ఉన్నా కాగితం మీద తేదీ తప్పితే పింఛను ఆగుతుంది. సెట్టింగుల్లో తేదీ, సమయం దానంతట అదే తీసుకునేలా పెట్టగానే అన్నీ వచ్చాయి.

ఈ సర్టిఫికెట్ తంటా పెద్దవాళ్ళకూ తప్పదు. 2025 మార్చిలో గూగుల్ వారి రెండో తరం క్రోమ్‌కాస్ట్ పరికరాలు ప్రపంచమంతటా ఒకేసారి మూగబోయాయి. కారణం, లోపల పెట్టిన ఒక సర్టిఫికెట్ గడువు తీరిపోవడమే. వారు కొన్ని రోజుల్లో సరిచేసి పంపారు. ఈలోగా ఆత్రపడి పరికరాన్ని పూర్తిగా చెరిపేసి, అంటే ఫ్యాక్టరీ రీసెట్ చేసుకున్నవారు ఇంకా ఎక్కువ ఇబ్బంది పడ్డారు. కాబట్టి ఆ రీసెట్ అనేది చిట్టచివరి మాట. అది చేస్తే అన్ని పాస్‌వర్డులూ మళ్ళీ అడుగుతుంది, అవి మన దగ్గర ఉండవు, పిల్లలకు అక్కడ అర్ధరాత్రి.

మిగిలినవి చిన్నవి. టీవీలో జాగా నిండిపోతే యాప్‌లు నత్తనడక నడుస్తాయి, వాడనివి తీసేయండి. ఒక యాప్ మాత్రమే మొరాయిస్తుంటే సెట్టింగుల్లో దాని పేరు దగ్గర క్యాష్ తీసేయమనే మాట ఉంటుంది. క్యాష్ అంటే డబ్బు కాదు, పాత చిత్తు కాగితాలు, భయపడక్కరలేదు. దాని పక్కనే డేటా తీసేయమని కూడా ఉంటుంది, అది నొక్కితే మళ్ళీ పాస్‌వర్డు అడుగుతుంది, చూసి నొక్కండి. పాత టీవీకి వెనక గుచ్చే స్టిక్ వాడేవారు దానికి కరెంటు టీవీలోంచి కాకుండా దాని సొంత అడాప్టరు నుంచి ఇవ్వండి. టీవీలోంచి వచ్చే కరెంటు చాలక మాటిమాటికీ ఆగి మొదలవుతుంటుంది. "ఎక్కువ మంది చూస్తున్నారు" అని తెర మీద వస్తే అది జబ్బు కాదు. ఒకే ఖాతాలో ఇక్కడ మీరు, అక్కడ అబ్బాయి, ఇంకోచోట అమ్మాయి చూస్తున్నారు. ఎవరో ఒకరు ఆపాలి, ఎవరాపాలో మీకు తెలుసు.

కరెంటు పోయినప్పుడు టీవీని ఇన్వర్టరు మీద పెట్టి డబ్బాను మరిచిపోయేవారు చాలామంది. డబ్బాకు కావలసింది 12 వోల్టులే, దానికోసమే చిన్న యూపీయస్సులు దొరుకుతున్నాయి. మంచం మీదున్న మనిషి ఉన్న ఇంట్లో ఇది తప్పనిసరి అని నా అభిప్రాయం, ఎందుకంటే ఇప్పుడు ఫోను మాట్లాడుకునేది కూడా చాలాసార్లు ఆ వైఫై మీదే.

2024లో గరుడ సేవ నాటికి మా ఇంటావిడ కర్ర పట్టుకుని నడుస్తోంది. ఆ సాయంకాలం నేను నాలుగింటికే డబ్బా దీపాలు చూసి, పసుపు తీగను చూసి, యూపీయస్సు చూసి, గడియారం చూసి కూర్చున్నాను. "ఆడిట్ అయిందా?" అంది. అయిందన్నాను. టీవీ ఒక్క నిమిషం కూడా ఆగలేదు, ఆవిడ మాత్రం మధ్యలో రెండుసార్లు నావైపు తిరిగి, ఆగిపోతుందేమోనని చూసింది.

నాకిచ్చిన ఇరవై నిమిషాలు దాటిపోయాయని కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు. డబ్బా మీద అంటించుకునే చీటీలు యాభై జిరాక్సు తీయించి తెచ్చాను, తలుపు దగ్గర బల్ల మీద ఉన్నాయి, వెళ్ళేటప్పుడు తలా ఒకటి తీసుకోండి. 1930 అనే నంబరు అందులో పైనే పెద్ద అక్షరాల్లో వేయించాను. మిగతా నంబర్లు ఎవరివి వారు రాసుకోవాలి. ఇంట్లో చక్రం తిరుగుతున్నవారు ఎవరైనా ఉంటే టీ అయ్యాక నాకు చెప్పండి, దగ్గరలో అయితే వస్తాను. దూరమైతే ముందు డబ్బా మీద ఏ దీపం ఏ రంగులో ఉందో చూసి ఫోను చేయండి.

సెలవు.